పైనుంచి చూస్తే ఇప్పచెట్టు బరువెంత?

పోస్టు పొడుగే, తీరిక ఉన్నప్పుడు చదవండి. ఇంట్లో ఎవరిదైనా పోడు పట్టా క్లెయిమ్ వెనక్కి వచ్చి ఉంటే మాత్రం ఈరోజే చదవండి.

మా మామ క్లెయిమ్ అలాగే వెనక్కి వచ్చింది. కారణం ఒక్క వాక్యం రాశారు: శాటిలైట్ ఫొటోలో ఆ స్థలంలో చెట్లు కనిపిస్తున్నాయి, సాగు కనిపించడం లేదు. ఏ ఆఫీసు, ఎవరు రాశారు అన్నది ఇక్కడ అనవసరం. ఆ కాగితం నా చేతిలో పెట్టి మామ అడిగాడు: "చెట్లున్న మాట నిజమే అల్లుడూ, నేనే ఉంచా. అంత ఎత్తునుంచి చూసేవాడికి చెట్టు కనపడి, చెట్టు కింద జొన్న కనపడదా?"

అప్పటికి నేను పెదవేగి దగ్గర రూము తీసుకుని చదువుకుంటున్నా. పైనుంచి తీసిన ఫొటోలతో నేల మీద ఎంత చెట్టు, ఎంత గడ్డి ఉందో లెక్కగట్టడం నా ప్రాజెక్టు పని. అంటే మామ అడిగింది సరిగ్గా నా సబ్జెక్టే. ఆయనకు రెండు ముక్కల్లో చెప్పలేకపోయా. ఇక్కడ కాస్త వివరంగా చెప్తాను.

ముందు బయోమాస్ అంటే ఏంటో చూద్దాం. ఒక నేల మీద పెరిగిన చెట్టు, పొద, గడ్డి అంతా నీరు పోయేదాకా ఎండబెట్టి తూస్తే వచ్చే బరువు అది. పుస్తకాల్లో జీవద్రవ్యరాశి అని ఉంటుంది, నేను బయోమాస్ అనే రాస్తా. మన ఇళ్లలో ఆడవాళ్లకు ఇది కొత్త సంగతేం కాదు. పచ్చికట్టెల మోపు, ఎండుకట్టెల మోపు చూడ్డానికి ఒకే సైజులో ఉన్నా తలకెత్తుకున్నాక తేడా మెడకు తెలుస్తుంది. ల్యాబులో కర్రముక్కను 105 డిగ్రీల దగ్గర, బరువు ఇక తగ్గకుండా నిలిచేదాకా ఎండబెడతారు. ఆ ఎండు బరువులో దాదాపు సగం కార్బన్. లెక్కల్లో మామూలుగా 0.47 వంతు అని వేసుకుంటారు. కార్బన్ క్రెడిట్ అని ఇప్పుడు ఊళ్లలో కూడా మాట వినబడుతోంది కదా, దాని పునాది ఈ బరువే. పశువులకు మేత ఎంత, వంటచెరకు ఎంత, ఎండాకాలం నిప్పు పడితే ఎంత మండుతుంది అన్న లెక్కలు కూడా ఇక్కడినుంచే మొదలవుతాయి.

కచ్చితంగా తెలియాలంటే చెట్టు కొట్టి తూయాలి. అడవంతా కొట్టి తూయలేరు. అందుకని ఒక్కో జాతిలో చిన్నవీ పెద్దవీ కొన్ని చెట్లు కొట్టి, తూచి, చుట్టుకొలతకూ బరువుకూ ఉన్న సంబంధాన్ని ఒక ఫార్ములాగా రాసుకుంటారు. తర్వాత ఆ జాతి చెట్టు ఎక్కడ కనిపించినా 1.37 మీటర్ల ఎత్తులో, అంటే మనిషి ఛాతీ దగ్గర టేపు చుట్టి బరువు అంచనా కడతారు. పుల్లరి రోజుల్నుంచీ ఫారెస్టు వాళ్లు చెట్టుకు టేపు చుట్టడం మనవాళ్లు చూస్తూనే ఉన్నారు.

పైనుంచి తీసిన ఫొటోలో ఆ మాను కనపడదు, కొమ్మల గొడుగు ఒక్కటే కనిపిస్తుంది. కాబట్టి అక్కడ ఫార్ములా గొడుగు వెడల్పునుంచి మొదలవ్వాలి. ఈ ఒక్క మార్పులోనే సగం తంటా ఉంది.

విమానంలోంచి అడవిని ఫొటో తీసి లెక్కపెట్టడం పాత పనే. 1924లో ఐరావతి నది డెల్టా అడవులను ఇలా సర్వే చేశారు. అప్పటికి బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే. మన దేశంలో 1965లో మొదలైన అటవీ వనరుల సర్వే ఇలాంటి ఫొటోలనే వాడుకుంది. అదే 1981లో డెహ్రాడూన్ కేంద్రంగా ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా అయింది. 1970 ప్రాంతంలో పిషరోటి అనే శాస్త్రవేత్త ఆధ్వర్యంలో కేరళ కొబ్బరితోటల మీద హెలికాప్టర్‌లో తిరిగి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్ముతో ఫొటోలు తీశారు. వేరుకుళ్లు తెగులు సోకిన చెట్లను కనిపెట్టడానికి చేసిన పని అది. మన దేశంలో రిమోట్ సెన్సింగ్ అక్కడే మొదలైందని చెప్తారు.

ఇక మన రాష్ట్రం సంగతి. 1970ల మధ్యలో ఇస్రో, వ్యవసాయ పరిశోధన మండలి కలిసి రెండు జిల్లాలు ఎంచుకున్నాయి. ఒకటి పంజాబ్‌లో పాటియాలా, రెండోది మన అనంతపురం. విమానంనుంచి ఇన్‌ఫ్రారెడ్ కలర్ ఫొటోలు తీసి ఏ నేలలో ఏ పంట, ఎంత విస్తీర్ణంలో ఉందో లెక్కగట్టారు. పచ్చగా కాలువ పారే జిల్లా ఒకటి, వాన లేని జిల్లా ఒకటి. ఆ ఎంపిక తెలివైనదే. ఎందుకో కిందకు వెళ్తే తెలుస్తుంది.

పాత పద్ధతి ఎలా ఉంటుందో చెప్తా, ఎందుకంటే అది మనం కూడా చేయగలం. విమానం కెమెరా లెన్సు 152 మిల్లీమీటర్లది, విమానం నేలకు 1520 మీటర్ల ఎత్తులో ఉంది అనుకోండి. ఒకదాన్ని ఇంకోదాంతో భాగిస్తే పదివేలకు ఒకటి. అంటే ఫొటోలో ఒక మిల్లీమీటరు నేల మీద 10 మీటర్లు. పది మీటర్ల గొడుగున్న పెద్ద ఇప్పచెట్టు ఆ ఫొటోలో ఒక మిల్లీమీటరు చుక్క. దాన్ని భూతద్దం కింద పెట్టి కొలిచేవారు. పక్కపక్కన తీసిన రెండు ఫొటోలు ఒకదాని మీదకు ఒకటి 60 శాతం వచ్చేలా తీస్తారు. జంట అద్దాల్లోంచి ఆ రెండూ కలిపి చూస్తే చెట్లు పైకి లేచి నిలబడతాయి, ఎత్తు కూడా దొరుకుతుంది. ఇప్పుడు డ్రోన్ చేసేదీ ఇదే. వంద మీటర్ల ఎత్తునుంచి మామూలు డ్రోన్ ఫొటోలో ఒక్కో చుక్క రెండుమూడు సెంటీమీటర్లే. ఆకు ఆకు కాకపోయినా కొమ్మ కొమ్మ కనిపిస్తుంది.

గొడుగులు నేలలో ఎంత భాగాన్ని కప్పాయో తెలుసుకోవడానికి చుక్కల కాగితం వాడతారు. పారదర్శకంగా ఉండే షీటు మీద సమానదూరంలో చుక్కలు పెట్టి ఫొటో మీద పరుస్తారు. వంద చుక్కల్లో 15 చెట్ల గొడుగుల మీద పడితే కప్పు 15 శాతం. అంతే. కాకపోతే వంద చుక్కలకు పొరపాటు అటూఇటూ ఏడు దాకా ఉంటుంది. అంటే అసలు కప్పు 8 కావచ్చు, 22 కూడా కావచ్చు. వెయ్యి చుక్కలు పెడితే ఆ తేడా రెండు శాతం దగ్గరకు వస్తుంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పొడి నేలల్లో ఈ లెక్క ఎందుకు తప్పుతుందంటే, అక్కడ కెమెరాకు చెట్టుకన్నా మట్టి ఎక్కువ కనిపిస్తుంది. ఆకు ఎర్ర వెలుగును మింగేస్తుంది, కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌ను వెనక్కి కొడుతుంది. ఈ రెండింటి తేడానుంచి కట్టే లెక్కే ఎన్‌డీవీఐ. దట్టంగా ఆకు ఉన్నచోట బాగానే పనిచేస్తుంది. అనంతపురంలో ఏడాదికి వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. అక్కడ చెట్టుకూ చెట్టుకూ మధ్య ఎర్రమట్టి, తెల్లరాయి మెరుస్తుంటాయి. ఆ మెరుపు చెట్టు లెక్కలో కలిసిపోతుంది. దీన్ని సరిచేయడానికే 1988లో హ్యూట్ అనే శాస్త్రవేత్త మట్టి ప్రభావాన్ని తగ్గించే ఇంకో సూత్రం ఇచ్చాడు. అది మేలే గానీ పూర్తిగా తీరలేదు.

పైగా పొడినేల చెట్టు తన బరువులో ఎక్కువ వాటాను భూమిలో దాచుకుంటుంది. నీటికోసం వేరు లోతుకు పోవాలి కదా. పైన మోకాలెత్తు పొద, కింద చెయ్యి మందం వేరు. ఏ కెమెరాకూ అది చిక్కదు.

ఇక ఋతువు. మన ఇప్పచెట్టునే తీసుకోండి. మాఘం దాటాక ఆకు రాలుస్తుంది, మార్చి, ఏప్రిల్‌లో ఒట్టి కొమ్మల మీద పువ్వు పూస్తుంది, ఆ తర్వాత కొత్త ఆకు వేస్తుంది. మన పెద్దమ్మలు తెల్లారకముందే బుట్టలు పట్టుకుని పువ్వు ఏరడానికి వెళ్లే రోజుల్లో పైనుంచి ఫొటో తీస్తే ఆ చెట్టు దాదాపు లేనట్టే. మన ఇళ్లకు ఆ చెట్టు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చే నెలలోనే కెమెరాకు అన్నిటికన్నా తక్కువ కనిపిస్తుంది. అందుకే ఫారెస్ట్ సర్వే వాళ్లు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య తీసిన చిత్రాలు వాడతారు. అప్పుడు మబ్బు తక్కువ, ఆకు ఉంటుంది. వాళ్ల పనికి అది సరైనదే. మన పని వేరు కాబట్టి ఫొటో ఏ నెలదో మనం ప్రత్యేకంగా అడగాలి.

ఇంకో చిక్కు. గొడుగు ఒకే వెడల్పున్నా బరువు ఒకటి కాదు. ఇప్ప కర్ర బరువు, జీడిమామిడి తేలిక. పది మీటర్ల ఇప్పా, పది మీటర్ల జీడిమామిడీ పైనుంచి రెండూ గుండ్రని పచ్చ మచ్చలే. జీలుగు, తాటి, ఆయిల్‌పామ్ లాంటివాటికి లెక్కే వేరు. వాటి మాను ఏటేటా లావెక్కదు, ఎత్తే పెరుగుతుంది. వాటికి ఎత్తు పట్టుకోవాలి.

ఇన్ని చిక్కులున్నా పని మాత్రం ఆగలేదు. 2020లో మార్టిన్ బ్రాండ్ అనే పరిశోధకుడు, ఆయన బృందం పశ్చిమ ఆఫ్రికాలో సహారా, సాహెల్ ప్రాంతాల శాటిలైట్ చిత్రాల్లో ఒక్కొక్క చెట్టునూ కంప్యూటర్‌తో గుర్తుపట్టించి లెక్కపెట్టారు. 13 లక్షల చదరపు కిలోమీటర్లలో 180 కోట్లకు పైగా చెట్లు తేలాయి. అప్పటిదాకా ప్రపంచం మ్యాపుల్లో ఆ నేలలో చాలాభాగం ఉత్త ఎడారి. మూడేళ్ల తర్వాత అదే దారిలో ఆఫ్రికా పొడినేలల్లో 990 కోట్ల చెట్లను లెక్కపెట్టి, వాటిలో కార్బన్ ఎంతో కూడా కట్టారు. అక్కడ కూడా కొన్ని చెట్లను కొట్టి తూచినవాళ్ల అంకెలే ఆధారం. కంప్యూటర్ గొడుగు కొలిచింది, బరువు మాత్రం తక్కెడే చెప్పింది.

2024లో అదే బృందం మన దేశపు పొలాల్లో చెట్లను చూసింది. దాదాపు 60 కోట్ల చెట్లను మ్యాపు చేశారు. 2010-11లో ఉన్న పెద్ద చెట్లలో సుమారు 11 శాతం 2018 కల్లా లేవు. 2018, 2022 మధ్య మరో 50 లక్షల పెద్ద చెట్లు పోయాయి. ఎక్కువగా పోయిన చోట్లలో తెలంగాణ కూడా ఉంది. బోరు వచ్చాక, వరి వచ్చాక చేలో చెట్టు అడ్డమైంది. మైదానంలో రైతు చెట్టు తీసేస్తే అతని పట్టాకు వచ్చే నష్టం ఏమీ లేదు. మామ చెట్టు ఉంచినందుకు ఏమైందో మొదట్లోనే చెప్పాను.

ఇప్పుడు పెదవేగి సంగతి. ఒకప్పటి వేంగి రాజధాని ఇదేనని చరిత్రలో చదువుకున్నాం. ఇప్పుడైతే ఈ మెట్ట అంతా ఆయిల్‌పామ్. దేశం మొత్తానికి ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ 1995లో ఇక్కడే పెట్టారు, పండు గెలలు ఆడించే ఫ్యాక్టరీ కూడా ఇక్కడ ఉంది. తోటలో మొక్కకు మొక్కకు 9 మీటర్లు, ముక్కోణంగా నాటుతారు. హెక్టారుకు 143, అంటే ఎకరానికి 57 చెట్లు. చెట్టుకు రోజుకు 200 లీటర్లకు అటూఇటూ నీళ్లు కావాలి. ఎకరానికి పదకొండు వేల లీటర్ల పైన, అదీ బోరునుంచి. పైనుంచి చూస్తే పచ్చని నక్షత్రాలు వరసగా పేర్చినట్టు భలే అందంగా ఉంటుంది. ఎవరి తోటనూ తప్పుపట్టడం లేదు, రైతు బతుకు అది.

ఇక ఫారెస్ట్ సర్వే లెక్కలో అడవి కప్పు అంటే ఏంటో చూడండి. ఒక హెక్టారుకు తగ్గని నేల, అందులో చెట్ల గొడుగులు 10 శాతానికి తగ్గకూడదు. ఆ నేల ఎవరిది, చట్టప్రకారం అడవా కాదా, చెట్టు ఏ జాతిది అన్నవి చూడరు. తోటలు, వెదురు, పామ్ చెట్లు అన్నీ ఇందులోకి వస్తాయి. 10 నుంచి 40 దాకా పలుచని అడవి, 40 నుంచి 70 మధ్యస్థం, 70 దాటితే చాలా దట్టం. పదికి తగ్గితే తుప్ప. ఈ నిర్వచనం ప్రకారం బాగా ఎదిగిన ఆయిల్‌పామ్ తోట అడవి కప్పులోకి వచ్చే వీలుంది. దానివల్ల ఆ తోట యజమానికి నష్టమేమీ లేదు, పాస్‌బుక్ ఉంది.

మామ చేను రెండెకరాల ఇరవై సెంట్లు. అందులో పెద్ద చెట్లు 17. ఇప్ప పదకొండు, తునికి నాలుగు, చింత రెండు. గొడుగు సగటున పది మీటర్లు. ఒక గొడుగు కింద 78 చదరపు మీటర్ల చిల్లర నేల. పదిహేడింటికి 1335. చేను మొత్తం 8900 చదరపు మీటర్లు. భాగిస్తే సరిగ్గా 15 శాతం. పది దాటింది. అంటే పైచూపుకు అది పలుచని అడవి. మిగతా 85 శాతంలో జొన్న, కంది, సామ పండుతున్నా సరే.

నాకు కోపం తెప్పించింది ఇదే. అదే చేలో మా తాత ఆ పదిహేడు చెట్లూ నరికేసి ఉంటే ఫొటోలో ఎర్రమట్టి చదరంగా, శుభ్రంగా సాగులా కనిపించేది. పువ్వుకోసం, పండుకోసం, నీడకోసం ఉంచాడు. మా ఊళ్లో ఏ ఇప్ప ఏ ఇంటిదో ఇప్పటికీ అందరికీ తెలుసు. ఇప్పుడు ఆ చెట్లే మా మామ సాగు చేయలేదనడానికి సాక్ష్యం అయ్యాయి.

ఫొటోలో చుక్క సైజు గురించి కూడా తెలుసుకోవాలి. మన సెంట్లలోకి మార్చుకుంటే వెంటనే అర్థమవుతుంది. ఫారెస్ట్ సర్వే ఏళ్లతరబడి వాడిన లిస్-3 కెమెరా చుక్క 23.5 మీటర్లు. అంటే ఒక్క చుక్క పదమూడున్నర సెంట్లు. ఎకరా మొత్తానికి ఏడు చుక్కలు. మామ చేను పదహారు చుక్కలు! అందులో ఒక్కో చుక్కలో ఒక ఇప్పచెట్టు, దానిచుట్టూ జొన్నకొయ్యలు, గట్టు అన్నీ కలిసిపోయి ఒకే రంగు అవుతాయి. అమెరికా లాండ్‌శాట్ చుక్క 30 మీటర్లు, అంటే 22 సెంట్లు. 2003 మే ఆఖర్లో లాండ్‌శాట్-7లో ఒక భాగం పాడైంది, అప్పట్నుంచీ దాని చిత్రాల్లో నల్లచారలు, ప్రతి చిత్రంలో ఐదో వంతుకు పైగా ఖాళీ. 2005 మేలో పంపిన మన కార్టోశాట్-1 చుక్క రెండున్నర మీటర్లు, అందులో చెట్టు చెట్టుగా, గట్టు గట్టుగా కనిపిస్తుంది. ఇప్పటి యూరప్ సెంటినెల్-2 చుక్క 10 మీటర్లు, రెండున్నర సెంట్లు. అది మొదట ఎగిరిందే 2015లో.

2005 ఎందుకు ముఖ్యమో మీకు తెలుసు. అటవీ హక్కుల చట్టంలో కటాఫ్ 2005 డిసెంబరు 13. ఆ రోజుకు నేల మన స్వాధీనంలో ఉండాలి. డిసెంబరు నడుమ మన పోడు చేలు ఎలా ఉంటాయి? జొన్న కోసేసి ఉంటుంది, కొయ్యకాళ్లు గోధుమరంగులో ఉంటాయి, కంది ఇంకా అక్కడక్కడా నిలబడి ఉంటుంది. పదమూడు సెంట్ల చుక్కలో అది పలుచని అడవిలానో తుప్పలానో కనిపించడంలో వింతేముంది? మామ ప్రశ్నకు నా జవాబు ఇది: ఆ చుక్క సైజులో, ఆ నెలలో, జొన్న కనపడదు. చిత్రం అబద్ధం ఆడలేదు. ఆ చిత్రం చెప్పలేని సంగతిని దాని నోట చెప్పించారు.

చట్టం కూడా ఇదే అంటోంది. 2012లో సవరించిన నియమాల్లో శాటిలైట్ చిత్రాలు మిగతా సాక్ష్యాలకు తోడుగా ఉండొచ్చు గానీ వాటి స్థానంలో నిలబడకూడదని స్పష్టంగా ఉంది. 2013లో గుజరాత్ హైకోర్టు కూడా అక్కడి ఆదివాసీల కేసులో చిత్రం ఒక్కదాన్నే పట్టుకుని క్లెయిమ్‌లు కొట్టేయడం కుదరదంది. ఆ కేసు వెనక ఉన్న ఊళ్లవాళ్లు జీపీఎస్ పట్టుకుని తమ చేల చుట్టూ తామే తిరిగి మ్యాపులు గీసుకున్నారు. చిత్రాలను కాదనలేదు, తామే తెచ్చి చూపించారు. ఆ తెగువ నాకు నచ్చింది. నియమాల్లో ఇంకా ఏవేవి సాక్ష్యమో జాబితా ఉంది: గట్లు, చదును చేసిన నేల, బావి, గుడిసె, సమాధులు, దేవుడి చోట్లు, క్లెయిమ్ వేసిన మనిషి కాకుండా వేరే పెద్దల మాట రాసుకున్న కాగితం. ఒకటికి మించి సాక్ష్యాలు చూడాలని కూడా ఉంది. గుర్తుందా, 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు తిరస్కరించిన క్లెయిమ్‌దారులను ఖాళీ చేయించమంది, అదే నెల 28న ఆ ఆదేశాన్ని ఆపింది. ఆ పదిహేను రోజులు మా ఊళ్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. తిరస్కరణ అన్న ఒక్క మాట వెనక చుక్క సైజు ఎంతో ఎవరూ అడగలేదు.

ఒక ఆదివారం హాస్టల్ తమ్ముళ్లు ముగ్గురు వస్తే చుక్కల పని ప్రాక్టీసు చేశాం. ముందు పెదవేగి ఆయిల్‌పామ్ తోట మీద. ఎందుకంటే అక్కడ మొక్కల మధ్య దూరం 9 మీటర్లని ముందే తెలుసు. గూగుల్ ఎర్త్ బొమ్మ ప్రింటు తీసి స్కేలు పెడితే 9 మిల్లీమీటర్లు వచ్చింది, అంటే స్కేలు వెయ్యికి ఒకటి, ప్రింటు సరిగ్గా ఉంది. తోట లేని చోటయితే ఏదైనా గట్టునో, స్కూలు బిల్డింగునో టేపుతో కొలిచి సరిచూసుకోవాలి. తర్వాత మామ చేను బొమ్మ మీద 200 చుక్కల షీటు పరిచాం. 31 చుక్కలు గొడుగుల మీద పడ్డాయి. పదిహేనున్నర శాతం, తేడా అటూఇటూ ఐదు. అంటే పదిన్నర నుంచి ఇరవైన్నర దాకా ఎక్కడైనా ఉండొచ్చు. ఒకడు అన్నాడు, "అన్నా, ఆరేడు చెట్లు తక్కువుంటే మామ రైతు అయిపోయేవాడు." నవ్వాం గానీ ఆ నవ్వు ఎక్కువసేపు లేదు.

తర్వాత ఊరెళ్లి టేపు పట్టాం. మామ ముందు నడిచి ఒక్కో చెట్టు దగ్గర ఆగి దాని కథ చెప్తాడు. పిడుగు పడింది ఇది, ఎలుగుబంటి ఎక్కింది అది. మేం రాసుకున్నాం: జాతి, చుట్టుకొలత, గొడుగు రెండువైపులా వెడల్పు, ఫోన్లో జీపీఎస్ అంకె. గట్లు ఎక్కడ ఉన్నాయి, ఎంత పొడవు, రాతి గట్టా మట్టి గట్టా, మంచె గుంజలు ఎక్కడ పాతారు. రెండెకరాలకు నలుగురికి ఒక పూట పట్టింది. పైనుంచి లెక్క కట్టేవాళ్లు నేల మీద కొలిచే ప్లాట్ అని దేన్ని అంటారో, సరిగ్గా అదే చేశాం. ఏ శాటిలైట్ లెక్కకైనా ఇలాంటి ప్లాట్లు లేకపోతే విలువ లేదు. ఆ టేపు పట్టేది మనమెందుకు కాకూడదు?

క్లెయిమ్ వెనక్కి వచ్చినవాళ్లు చేయాల్సినవి చెప్తా. సమాచార హక్కు కింద నాలుగు ప్రశ్నలు అడగండి. ఏ తేదీ చిత్రం, ఏ శాటిలైట్, చుక్క సైజు ఎన్ని మీటర్లు, చిత్రం చూశాక నేల మీదకు ఎవరు ఎప్పుడు వచ్చి చూశారు. పై కమిటీకి అర్జీ పెట్టుకోవడానికి చట్టంలో 60 రోజుల గడువుంది, కాగితం చేతికి వచ్చిన తేదీ రాసి పెట్టుకోండి. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల బొమ్మలు చూసే వీలుంది, మీ ఊరికి 2005 చుట్టుపక్కలవి ఉంటే తేదీతో సహా ప్రింటు తీయండి. డ్రోన్ ఎగరేయాలన్న ఉబలాటం వద్దు. అడవిలో, పాపికొండల చుట్టుపక్కల అనుమతి లేకుండా ఎగరేస్తే కొత్త కేసు మెడకు చుట్టుకుంటుంది. ప్రింటు, షీటు, టేపు చాలు.

జీడిమామిడి వేసినవాళ్లు ఇంకా జాగ్రత్త. ఏళ్ల కిందట పోడులో జీడిమామిడి పెట్టమని మనకు మొక్కలిచ్చింది ప్రభుత్వమే. ఇప్పుడు ఆ తోటలు గొడుగు గొడుగు కలిసి 40 శాతం దాటేశాయి. పైనుంచి చూస్తే మధ్యస్థ అడవి. వరసలు కనిపించేలా బొమ్మ తీసుకోవాలి. అడవికి వరసలుండవు.

మన వైపు అడవి సంగతి ఇలా ఉంటే, చెట్టే లేని పొడినేలలో కథ తిరగబడుతుంది. అక్కడ బయోమాస్ తక్కువ అన్న అంకె మీద నేలకు బంజరు అని పేరు పెడతారు. అనంతపురం వైపు, ఇప్పటి శ్రీసత్యసాయి జిల్లాలో, కల్పవల్లి అని ఉంది. టింబక్టు కలెక్టివ్ తోడుతో చుట్టుపక్కల ఊళ్లవాళ్లు 1990లనుంచి వేల ఎకరాల బోడికొండలను నిప్పు పడకుండా కాపాడి, గడ్డి, ఈత, పొదలు తిరిగి రప్పించుకున్నారు. గొర్రెలకు మేత, బుట్టలకు ఈతాకు, చెరువుకు నీరు. రికార్డులో మాత్రం అది బంజరు. అందుకే అక్కడ గాలిమరలు పెట్టడం సులువైంది, వాటికోసం కొండ మీద రోడ్లు తొలిచారు. టన్నుల్లో చూస్తే ఆ గడ్డి బరువు ఎంత? పక్కన సర్కారు తుమ్మ దట్టంగా పట్టిన నేల బయోమాస్ లెక్కలో దానికన్నా ఎన్నో రెట్లు ముందుంటుంది. ఏ గొర్రెలకాపరినైనా అడగండి, రెండింట్లో ఏది కావాలో.

మన తునికాకు కూడా అంతే. బీడీ ఆకు వచ్చేది పెద్ద చెట్టునుంచి కాదు, కొట్టిన మొదళ్లనుంచి చిగిర్చే నడుమెత్తు పొదలనుంచి. వేసవిలో ఇంటి ఖర్చు నడిపేది ఆ ఆకే. పైనుంచి అది తుప్ప. 2023లో వచ్చిన గ్రీన్ క్రెడిట్ పథకంలో తుప్ప నేలలు, పలుచని అడవులు మొక్కలు నాటడానికి చూపించే జాబితాలోకి వచ్చాయి. హెక్టారుకు 1100 మొక్కలన్నది అప్పటి లెక్క. నాటితే ఫొటోలో పచ్చదనం పెరుగుతుంది, బయోమాస్ పెరుగుతుంది. తునికాకు ఎక్కడికి పోతుందో ఆ లెక్కలో గడి లేదు. అటు కిందకు కొల్లేరు చూడండి, చెరువుల పక్కన గుర్రపుడెక్క పట్టిన నీళ్లు ఇన్‌ఫ్రారెడ్ బొమ్మలో మన వెదురు కొండల్లాగే ఎర్రగా మెరుస్తాయి. పచ్చదనమే మంచిదైతే కొల్లేరులో గుర్రపుడెక్క కూడా సంపదే అనాలి.

అందుకని మేం రాసుకున్న పుస్తకంలో ఇంకో వరుస పెట్టాం. చెట్టు జాతి, చుట్టుకొలత, గొడుగు తర్వాత: ఎవరు వాడతారు, ఏ నెలలో, ఏది. మామ చేలో మూడో ఇప్ప దగ్గర ఆ వరుసలో "అత్త, మార్చి-ఏప్రిల్, పువ్వు, జూన్, పలుకు" అని ఉంది.

మామ అర్జీ మళ్లీ పెట్టాం. గట్ల కొలతలు, 17 చెట్ల పట్టిక, ఇద్దరు పెద్దల వాంగ్మూలం, రెండు బొమ్మల ప్రింట్లు జతచేశాం. సమాచార హక్కు జవాబు ఇంకా రావాలి. వచ్చే సెలవుల్లో మా పక్కూరివి ఇంకో ఆరు చేలు కొలవాలి. బుట్టాయగూడెం, జీలుగుమిల్లి, పోలవరం వైపు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా వస్తానంటే మెసేజ్ పెట్టండి. చుక్కల షీటు నా దగ్గర ఉంది, ముప్పై మీటర్ల టేపు మాత్రం ఇంకోటి కావాలి.